మిర్చి షెడ్డులో రెండో భాగం

స్పీకరులో మొదటి భాగం అయిపోయింది. బాకాలూ డోళ్లూ ఫిడేళ్లూ కలిసి దెబ్బ మీద దెబ్బ వేసి ఆగాయి. పుల్లమ్మ చేతిలో ఉన్న మిరపకాయకు తొడిమె తుంచి, కాయను గంపలో వేసి, ముక్కుకు కట్టుకున్న తువ్వాలను గడ్డం కిందికి లాక్కుంది. ఇక్కడ కాసేపు ఏమీ వినపడదు. ఆ తర్వాత ఫిడేళ్లు, పక్కన ఎవరో పడుకుని ఉంటే మాట్లాడుకున్నట్టు, మెల్లగా మొదలుపెడతాయి. పొద్దున ఆటో దిగినప్పటి నుంచి ఆమె దానికోసమే చూస్తోంది.

అది రాలేదు. ఇంకేదో దూకుడుగా వచ్చి పడింది. అది కూడా ఈ సంగీతం రాసిన తాతదేనని పుల్లమ్మ పోల్చుకుంది. వేరే సింఫనీలో చిట్టచివర వచ్చేది. పెళ్లి అయిపోయి అందరూ ట్రాక్టరెక్కి కేకలు వేసుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. దానికి ఇక్కడేం పని?

షెడ్డు నిండా ఆడవాళ్లు తలలెత్తారు.

"ఏందిది? దాటిపోయిందా?" అంది కవిత. ముఠాలో అందరికంటే చిన్నది, నిరుడే పనికి వచ్చింది.

"పోతే పోనీ తియ్యి," అంది హేమ్లి. ఆమె చేతులు ఆగలేదు. "ఆ నిద్ర పాట పోయిందంటే నా నెత్తి మీద మూట దిగినట్టున్నది. అది వస్తే చాలు, అక్కకు చేతులు పడిపోతయ్. పీకు అక్కా, పీకు. తాతకు ఇయ్యాల జోష్ వచ్చింది."

నవ్వులు లేచాయి. పుల్లమ్మ నవ్వలేదు. ఇంకో కాయ తీసుకోలేదు కూడా.

వైరా దాటాక రోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డు అది. వ్యాపారులు కొన్న తేజ రకం కాయ ఇక్కడికి వస్తుంది. కారేపల్లి అవతల అడవి అంచు ఊళ్ల నుంచీ తండాల నుంచీ ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు పట్టాల మీద కూర్చుని తొడిమెలు తీస్తారు, రంగు పోయి తెల్లబడిన తాలు కాయను ఏరి పక్కన పోస్తారు. సాయంత్రం ఎవరి గంపలు వాళ్లు కాటా వేయించుకుంటారు. ఎన్ని కిలోలైతే అంత కూలి. ఈ ముఠాకు పుల్లమ్మ మేస్త్రి. షెడ్డువాళ్లతో మాట్లాడేది ఆమే, ముఠాకు పని పోతే అందరి ముందు నిలబడాల్సిందీ ఆమే.

సంగీతం పిచ్చి మాత్రం కాటా గుమస్తా శ్రీధర్‌ది. మొదట్లో తన గదిలో పెట్టుకుని వినేవాడు. ఆ గదిలో మోగేదేందో మాకూ వినిపించమని ఆడవాళ్లు గోల చేస్తే స్పీకరును షెడ్డులోకి జరిపాడు. అతని ఫోనులో ఉన్నవన్నీ ఒక్క మనిషివే. హైడన్ అట. ఆస్ట్రియా దేశంలో వెనకటి కాలపు మనిషి. జమీందారు దగ్గర కొలువు. ఆయన ఇచ్చిన బట్టలే తొడుక్కుని, ఆయన అడిగినప్పుడల్లా సంగీతం రాసిచ్చేవాడట. వందకు పైగా సింఫనీలు రాశాడట. "అంటే మనలెక్క కూలోడే," అంది హేమ్లి. అప్పటి నుంచి ఆయన వాళ్లకు తాత అయ్యాడు. చాలా సింఫనీలకు నాలుగు భాగాలుంటాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వినగా వినగా తెలిసింది. మొదటిది ఎవరో ఊళ్లోకి వస్తున్నట్టుంటుంది. రెండోది మెల్లగా నడుస్తుంది. మూడోది గంతులేస్తుంది. నాలుగోది పరుగు.

పుల్లమ్మ లేచి కాటా దగ్గరికి వెళ్లింది. శ్రీధర్ ఆమె వైపు చూడకుండా టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి కుడుతున్నాడు. అది హమాలీ పని, గుమస్తాది కాదు.

"ఏం సారూ, రెండోది ఏమాయె?"

"నా ఫోను కాదు పుల్లమ్మా. చిన్నసారు ఫోను," అన్నాడు దారం తెంపుతూ. "నా దగ్గర పాటలన్నీ ఎక్కించుకుపోయిండు. నువ్వే మాట్లాడుకో."

చిన్నసారంటే షెడ్డు యజమాని కొడుకు నాగచైతన్య. హైదరాబాదులో చదివి వచ్చి ఈ సీజను నుంచి షెడ్డు చూసుకుంటున్నాడు. చెడ్డవాడేం కాదు. రాగానే పైన ఫ్యాన్లు పెట్టించాడు, తాగే నీళ్లకు క్యాన్లు తెప్పించాడు. పుల్లమ్మ అతని గది గుమ్మంలో నిలబడితే కుర్చీలోంచి లేచాడు కూడా.

"చెప్పమ్మా."

"మెల్లగ వచ్చేది తీసేసినవంట బాబు."

"అవ్. కెమెరాలో చూసిన. అది రాంగనే అందరి చేతులు మెల్లగైతున్నయ్. స్పీడు ఉన్నవి వస్తే మళ్ల ఉరుకుతున్నయ్. అందుకే స్పీడువి అన్నీ ఏరి వరసగ పెట్టిన." అతను కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పబోయాడు. "పాటలు బందు పెట్టలే కద. మీకు ఇష్టమైన ఆయనవే. పని ఎక్కువైతే కూలి మీకే కద ఎక్కువ వచ్చేది?"

పుల్లమ్మ తెర చూడలేదు. ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఆమెకు వెంటనే దొరకలేదు.

"శనివారం సరుకు లారీ ఎక్కాలె అమ్మా," అన్నాడు అతను నెమ్మదిగా. "కల్లూరు వైపు నుంచి ఇంకో ముఠా అడుగుతున్నది. మీరు పాతవాళ్లని మీకే ఇచ్చిన. జర చూసుకోండి."

ఆమె తలూపి వచ్చేసింది.

ఆ సాయంత్రం కాటా దగ్గర గంపలు నిజంగానే బరువు తూగాయి. పుల్లమ్మది కూడా. హేమ్లి తన తూకం రెండుసార్లు చూయించుకుని, కొంగు దులిపి, "యాడీ! చిన్నసారు సల్లగుండ," అని, తన లంబాడీ మాటలో అమ్మను తలుచుకుని, మొక్కింది.

ఇంటికి పోయాక పుల్లమ్మ చేతులు మజ్జిగలో ముంచుకుని అరుగు మీద కూర్చుంది. మిర్చి మంట తగ్గాలంటే చాలాసేపు అలా కదలకుండా ఉండాలి. ఇప్ప పూలు రాలే రోజులు. చుట్టూ తియ్యటి వాసన. ఇంట్లో కోడలు తమ కోయమాటలో మేకపిల్లను తిడుతోంది. పుల్లమ్మ కళ్లు మూసుకుని రెండో భాగాన్ని వెతుక్కుంది. ఫిడేళ్లు వచ్చాయి. ఒక మాట, దానికి జవాబు. మళ్లీ అదే మాట, కొంచెం పైనుంచి. ఆ తర్వాత ఏదో ఊదే వాయిద్యం ఆ మాట అందుకుంటుంది. ఆపైన ఉన్నట్టుండి పాటకు కోపం వస్తుంది. అక్కడ దారి తప్పింది. ఎంత ప్రయత్నించినా కోపంలోంచి బయటికి రాలేకపోయింది. పొద్దంతా చెవుల్లో పడ్డ పరుగులన్నీ వచ్చి అడ్డం నిలబడ్డాయి.

విచిత్రమేమిటంటే ఆ పరుగులంటే కూడా ఆమెకు ఇష్టమే. నాలుగో భాగంలో తాత చేసే కొంటెపనులు ఆమెకు మహా ఇష్టం. అయిపోయింది అనిపించి, అందరూ చెయ్యి దించాక, మళ్లీ తోక ఊపుకుంటూ వస్తాడు. కానీ ఇవాళ ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. వచ్చేవాళ్లు లేకుండా అందరూ పోతూనే ఉంటే, ఎవరు పోతున్నారో ఎవరికి పడుతుంది?

మరునాడు ఆటోలో ఆ సంగతి కవితను అడిగింది.

"కోపం వచ్చినంక ఏమైతదే?"

కవిత తడుముకోలేదు. "డోళ్లు కొడ్తయ్ కద అత్తా, మూడుసార్లు. ఆ ఎనక గాడిద ఓండ్రపెట్టినట్టు లావుగ ఒకటి వస్తది. గదే." అంటూ ముక్కుతో వాయించి చూపించింది.

వెనక సీటులోని రుక్మిణి దాన్ని దిద్దింది. గాడిద వెనక కాదట, డోళ్లతో కలిసే వస్తుందట. ఇంకొకామె, మొదటి మాట మళ్లీ తిరిగి వచ్చేటప్పుడు ఉత్తగా రాదని, పూలు పెట్టుకున్నట్టు చిన్న చిన్న స్వరాలు పెట్టుకుని వస్తుందని చెప్పింది. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా తెగిపోతోంది, మళ్లీ ముడేస్తున్నారు.

"ఎవల పెండ్లి అక్కా?" అని డ్రైవరు బిచ్యా అద్దంలోంచి అడిగాడు.

"నీదే. పిల్ల దొరికింది," అంది కవిత.

హేమ్లి మాత్రం కిటికీ రాడ్ మీద తల ఆనించుకుని కళ్లు మూసుకుంది. "పొద్దు పొద్దుగాల్నే ఏం లొల్లి పెట్టిండ్రే? నా తల పలిగిపోతున్నది. కూలికి పోతున్నమా, భజనకు పోతున్నమా?"

"నువ్వు వినకు," అంది పుల్లమ్మ.

"చెవులకు తలుపులున్నయా మూసుకునేతందుకు?"

షెడ్డులో ఆ పొద్దు కూడా పరుగులే. చాయ్ ఇచ్చే వేళకు శ్రీధర్ పుల్లమ్మను పక్కకు పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక ఉపాయం దొరికింది. రెండోది వచ్చినప్పుడు మీ చేతులు మెల్లగైతయ్. నిజమే. కానీ మీరు ఊకనే కూసోరు. గప్పుడే కద తాలు కాయ ఏరేది?"

పుల్లమ్మ ఆలోచించింది. అవును. వేళ్లు చకచకా ఆడేటప్పుడు తొడిమెలు, మెల్లగా ఉన్నప్పుడు కళ్లు పెట్టి తాలు. ఎవరూ అనుకుని చేసింది కాదు, అలా కుదిరింది.

"నిన్నటి సంది తాలు కలిసిపోతున్నది," అన్నాడు శ్రీధర్. "గిదే చెప్దాం. రెండోది లేకపోతే సరుకు కరాబైతదని చెప్తే, జల్దీ పెట్టేస్తడు."

ఇద్దరూ వెళ్లారు. శ్రీధరే చెప్పాడు. నాగచైతన్య శ్రద్ధగా విన్నాడు. బయటికి వచ్చి ఒక గంపలో చెయ్యి పెట్టి తిరగేశాడు. తెల్ల కాయలు రెండు మూడు బయటపడ్డాయి.

"కరెక్టే శ్రీధర్ గారూ. మంచి పని చేసిండ్రు చెప్పి." అతను షెడ్డంతా ఒకసారి చూశాడు. "ఇద్దర్ని ఆ మూలకు కూసోబెడదాం. తొడిమెలు తీసిన కాయ వాళ్ల దగ్గరికి పోతది, వాళ్లు తాలు ఒక్కటే ఏరుతరు. వాళ్లకు రోజు కూలి. మిగిలినోళ్లు ఆగే పనే లేదు."

శ్రీధర్ ఉపాయం చక్కగా పనిచేసింది, కానీ చిన్నసారుకే.

"తాలు ముచ్చట కాదు బాబు," అంది పుల్లమ్మ.

"మరి?"

"మాకు అది వినాలని ఉన్నది."

నాగచైతన్య ఇంకేదో వస్తుందని ఆగాడు. ఆమెకు చెప్పడానికి ఉన్నది అంతే.

"పనిల ఉన్నప్పుడే వినాల్నా?"

"ఇంకెప్పుడు వింటం? పొద్దు మునిగేదాంక ఈడనే ఉంటం కద."

అతను నుదురు రుద్దుకున్నాడు. కాదనడం అతనికి ఇష్టం లేదు. "సరే. అన్నం తినేటప్పుడు పెడ్త. మెల్లగ ఉన్నవి అన్నీ. ఎన్ని కావాల్నంటే అన్ని. సరేనా?"

మాట మీద నిలబడ్డాడు. మధ్యాహ్నం టిఫిన్లు విప్పగానే స్పీకరులోంచి ఒక రెండో భాగం వచ్చింది. దాని వెనక ఇంకో సింఫనీ నుంచి ఇంకో రెండో భాగం. దాని వెనక ఇంకొకటి. అన్నీ మెల్లగా, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నాయి. మొదట ఆడవాళ్లు సంతోషంగా తలలూపారు. తర్వాత మాటలు తగ్గాయి. పచ్చడి మీద చెయ్యి పెట్టి ఒకామె కునికింది. పుల్లమ్మకు తను అడిగినదే ఎదురుగా ఉంది, ముద్ద మాత్రం దిగడం లేదు. ముందు ఎవరూ ఊళ్లోకి రాలేదు. వెనక ఎవరూ గంతులేయరు. మధ్యలో కూర్చుని మెల్లగా మాట్లాడుకోవడానికి ఎవరున్నారు?

"సావింట్ల కూసున్నట్టున్నది," అంది హేమ్లి టిఫిను మూత గట్టిగా బిగిస్తూ. "నిన్న గదేమో ఉరుకుడు, ఇయ్యాల గిదేమో ఏడుపు. మీ తాత గిట్ల చేస్తడా?"

"చెయ్యడు," అంది పుల్లమ్మ.

"మరి ఎవడు చేసిండు?"

పుల్లమ్మ గది వైపు చూసింది. నాగచైతన్య అద్దంలోంచి బొటనవేలు పైకెత్తి నవ్వాడు. బాగుందా అని. ఆమెకు అతని మీద కోపం రాలేదు. కానీ ఇక అతన్ని అడిగేది లేదని మాత్రం తెలిసిపోయింది. అతను ఏది అడిగినా ఇస్తాడు, ముక్కలు చేసి.

శనివారం పొద్దున్నే లారీ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. మిగిలింది ఒక కుప్పే. ఆడవాళ్లు కాయ మీద కాసిని నీళ్లు చల్లి, ఘాటు అణిగాక చుట్టూ కూర్చున్నారు. స్పీకరు మొదలైంది. మొదటి భాగం, వాళ్లందరికీ బాగా తెలిసినది. ఎవరో ఊళ్లోకి వస్తున్నారు. పుల్లమ్మ వేళ్లు దానితో పాటు నడిచాయి. చివరి దెబ్బలు పడ్డాయి.

ఆమె చేతిలో కాయను గంపలో వేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

ముఠాతో ముందు ఏమీ అనుకోలేదు. అనుకుంటే మేస్త్రి మాట కాబట్టి అందరూ వింటారు. అలా వినిపించడం ఆమెకు ఇష్టం లేదు. ఎవరి కూలి వాళ్లది, ఎవరి చెయ్యి వాళ్లది. స్పీకరులో పెళ్లివాళ్లు ట్రాక్టరెక్కి కేకలు వేస్తున్నారు. ఆ హోరులో పుల్లమ్మ కదలకుండా కూర్చుంది. కవిత ఆమెను చూసింది. చేతిలో కాయ వదిలేసింది. రుక్మిణి కూడా. ఒకరి తర్వాత ఒకరు పట్టా చివరిదాకా చేతులు ఆగిపోయాయి. హేమ్లి మాత్రం ఇంకో నాలుగు కాయలు పీకింది. అటూ ఇటూ చూసింది. "థూ, మీ పాడుగాను," అని గొణిగి, గంప ముందుకు తోసి కాళ్లు చాపుకుంది.

నాగచైతన్య పరుగున వచ్చాడు.

"ఏమైంది? ఎవరికన్న దెబ్బ తాకిందా?"

సంగీతం హోరులో జవాబు వినపడలేదేమో అనుకుని అతను ఫోను నొక్కి ఆపాడు. షెడ్డు ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అయింది. పైన ఫ్యాను తిరిగే చప్పుడు. బయట లారీ క్లీనరు టార్పాలిను దులుపుతున్న చప్పుడు.

"ఏమైంది పుల్లమ్మా?"

"రెండోది వింటున్నం బాబు."

"ఏది? ఎక్కడ?"

"నువ్వు ఆపినవ్ కద. ఇగ మంచిగ వినొస్తది."

అతను ఆమెను చూశాడు, కుప్పను చూశాడు, లారీని చూశాడు. "లారీ నిలబడ్డది అమ్మా. నేను ఇంకో ముఠాను పిలవాల్సి వస్తది."

"పిలువు బాబు. నీ షెడ్డు. ఇది అయినంక లేస్తం, నువ్వు పొమ్మంటే పోతం," అంది పుల్లమ్మ. చెప్పి కళ్లు మూసుకుంది.

ఫిడేళ్లు మొదలయ్యాయి. ఒక మాట. దానికి జవాబు. అదే మాట, కొంచెం పైనుంచి. తొందరేమీ లేదు. ఊదే వాయిద్యం అందుకుంది. ఎక్కడో పట్టా మీద ఎవరో చాలా సన్నగా, పెదవులు కలిపే, దాన్ని అంటున్నారు. ఎవరో పుల్లమ్మ చూడలేదు. నాగచైతన్య చెప్పులు ఒకసారి కిర్రుమని ఆగాయి. ఆ తర్వాత కోపం వచ్చే చోటు వచ్చింది. ఆటోలో ముడేసినదంతా గుర్తు తెచ్చుకోబోయింది. గాడిద ముందా, డోళ్లు ముందా? మళ్లీ దారి తప్పుతున్నానని భయపడింది.

ఎడమ పక్క నుంచి గంప అంచు మీద దెబ్బ పడింది. వేలి కణుపుతో, గట్టిగా. ఆగి, ఇంకొకటి. ఇంకొకటి. సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడ.

పుల్లమ్మ కళ్లు తెరిచింది. కొడుతున్నది హేమ్లి. కాళ్లు చాపుకునే ఉంది. కళ్లు గట్టిగా మూసుకుంది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి, ఎవరితోనో నిజంగా పోట్లాడుతున్నట్టు. ఆ దెబ్బలు పట్టుకుని పుల్లమ్మ కోపంలోంచి ఇవతలికి వచ్చింది. వచ్చేసరికి మొదటి మాట గుమ్మంలో నిలబడి ఉంది, పూలు పెట్టుకుని.

అందరికీ ఒక్కసారే అయిపోలేదు. రుక్మిణి ముందే కళ్లు తెరిచి తువ్వాల సర్దుకుంది. ఇద్దరు ముగ్గురు నిట్టూర్చి ముందుకు వంగారు. కవిత కుప్పలోంచి దోసెడు కాయ లాక్కుంది. అది చూసి, ఇక అయిపోయిందనుకుని, నాగచైతన్య మళ్లీ పాట పెట్టడానికి ఫోను మీదికి వేలు పోనిచ్చాడు.

"ఆగుండ్రే!" అని హేమ్లి కసిరింది, కళ్లు తెరవకుండానే. "ఏం తొందర? ఇంక అయిపోలే. ఊదేటోడు ఒక్కడు మళ్ల వస్తడు కద ఆఖరికి. ఆయనను రానియ్యరా?"

కవిత చేతిలోని కాయలు చప్పుడు కాకుండా కింద పెట్టింది. రుక్మిణి తువ్వాల అక్కడే వదిలేసింది. ఆటోలో ఆ ముక్క ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు అందరికీ వచ్చింది.

నాగచైతన్య వేలు ఫోను మీద ఆగింది. హేమ్లిని చూస్తూ నిలబడ్డాడు. ఆమె గడ్డం కొంచెం పైకి లేచింది, మెల్లగా దిగింది. బయట క్లీనరు లోపలికి తొంగి చూసి ఏదో అడగబోతే, అతను చెయ్యెత్తి ఆగమన్నాడు.

హేమ్లి కళ్లు తెరిచింది. "ఆఁ," అంది. "పోయిండు."

నాగచైతన్య గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడు ఏది రావాలె?"

"మూడోది బాబు," అంది పుల్లమ్మ. "గంతులేసేది. ఆ ఎనక నాలుగోది."

అతను తన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "శ్రీధర్ గారూ," అని గది వైపు తిరిగి పిలిచాడు, "మీ ఫోను తెండి. అందులో అన్నీ వరసగ ఉన్నయ్ కద?"

శ్రీధర్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. మూడో భాగం మొదలైంది. బరువు చెప్పులు వేసుకున్నవాళ్లు ఎవరో వాకిట్లో ఆడుతున్నట్టు. తువ్వాళ్లు ముక్కుల మీదికి లేచాయి.

"చూస్తరేందే?" అంది హేమ్లి కుప్పను రెండు చేతులతో తన వైపు లాక్కుంటూ. "పీకుండ్రి జల్దీ. లారీ నిలబడ్డది."